పేగు పొరలోని టి కణాలు థైమస్ నుంచి వచ్చినవా, అక్కడే పుట్టినవా?

కడప జువాలజీ:
చిన్నపేగు లోపలి పొర కణాల సందుల్లో టి కణాలు, అంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు, ఉంటాయి. వంద పొర కణాలకు సుమారు 10 నుంచి 20 దాకా. టి కణం ఎముక మజ్జలో మొదలై, ఛాతీలో గుండెకు పైన ఉండే థైమస్ గ్రంథిలో తయారై, రక్తం ద్వారా పేగుకు చేరుతుందని పాఠం చెప్తాం. మొన్న క్లాసులో ఒక అమ్మాయి, "మేడం, థైమస్ లేని ఎలుకల పేగుల్లో కూడా ఇవి ఉంటాయంట కదా, మరి అవెక్కడివి?" అని అడిగింది. మంచి ప్రశ్న. కొన్నింటిని పేగే తయారు చేసుకుంటుందని నా అభిప్రాయం. కాదనేవాళ్లు ఆధారం చూపండి.

కర్నూలు మెడికో:
నేను కాదంటాను మేడం. 1996లో జపాన్ పరిశోధకులు ఎలుక పేగులో క్రిప్టోప్యాచ్‌లనే చిన్న కణాల గుంపులు కనిపెట్టారు. టి కణాలు పుట్టేది అక్కడేనని చాలామంది నమ్మారు. 2004లో ఎబెర్ల్, లిట్‌మన్ అనే శాస్త్రవేత్తలు కణాలకు చెరగని గుర్తు పెట్టి, ఏ కణం దేని సంతానమో వెతికారు. టి కణాల్లో పైనుండే గ్రాహకాన్ని బట్టి రెండు రకాలు: ఆల్ఫా-బీటా, గామా-డెల్టా. పేగులోని ఆల్ఫా-బీటా టి కణాలన్నీ థైమస్ దశ దాటి వచ్చినవే అని తేలింది. క్రిప్టోప్యాచ్ కణాల నుంచి అవి పుట్టలేదు.

కడప జువాలజీ:
అది ఆల్ఫా-బీటా రకం సంగతి బాబూ. థైమస్ లేని ఎలుకల్లో ఎక్కువగా మిగిలేవి గామా-డెల్టా కణాలు. వాటి మాటేమిటి?

కర్నూలు మెడికో:
వాటిలో కూడా సంఖ్య బాగా తగ్గిపోతుంది మేడం. పైగా థైమస్ లేని ఎలుక ఒంట్లో టి కణాలకే కరువు. 2003లో గీ-గ్రాండ్ బృందం చూపించింది ఇదే: థైమస్ బయట టి కణాలు పుట్టడం నిజమే, కానీ థైమస్ బాగా పనిచేసే ఎలుకలో ఆ దారి అణిగే ఉంటుంది. ఇక మనుషుల్లో, పూర్తి డైజార్జ్ సిండ్రోమ్‌తో థైమస్ లేకుండా పుట్టిన పసిబిడ్డలను చూడండి. టి కణాలు దాదాపు ఉండవు, మామూలు ఇన్ఫెక్షన్లే ప్రాణం మీదికి తెస్తాయి. పేగుకు నిజంగా ఆ శక్తి ఉంటే ఆ బిడ్డలకు కొంతైనా అండ దొరకాలి కదా? నాకు అన్నిటికంటే బలంగా అనిపించే ఆధారం ఇదే.

అనంతపురం పశువైద్యం:
ఇద్దరూ ఎలుక, మనిషి దగ్గరే ఆగిపోయారు. మా జిల్లాలో గొర్రెలకు కొదవ లేదు కాబట్టి ఆ సంగతి చెప్తాను. గొర్రెపిల్ల చిన్నపేగు చివరి భాగంలో పేయర్స్ ప్యాచ్ అనే రోగనిరోధక కణాల పట్టీ రెండు మీటర్ల దాకా పొడవుగా సాగి ఉంటుంది. యాంటీబాడీలు తయారు చేసే బి కణాలు లెక్కలేనన్ని పెరిగేది అక్కడే. వాటిలో ఎక్కువ భాగం అక్కడే చచ్చిపోతాయి, మిగిలినవి ఒంట్లోకి వెళ్తాయి. ఏడాదిన్నర వయసుకల్లా ఆ ప్యాచ్ కరిగిపోతుంది. కోడిలో అదే పని పేగు చివర ఉన్న బర్సా అనే సంచి చేస్తుంది, 1956లో గ్లిక్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. కాబట్టి పేగు రోగనిరోధక కణాలను తయారు చేయలేదని ఒక్క మాటలో కొట్టిపారేయకండి.

కర్నూలు మెడికో:
సార్, బి కణాల విషయంలో మీ మాటకు అడ్డు లేదు. నా వాదన టి కణాల గురించే.

కడప జువాలజీ:
అయితే క్లాసులో ఆల్ఫా-బీటా కణాలను థైమస్ ఖాతాలోనే రాస్తాను. గామా-డెల్టా దగ్గర మాత్రం థైమస్ లేని ఎలుకల సంగతీ, గీ-గ్రాండ్ ప్రయోగమూ రెండూ పిల్లల ముందు పెడతాను, వాళ్లే వాదించుకోవాలి. డాక్టరు గారూ, ఆ గొర్రెపిల్ల పేగు మా వాళ్లకు చూపిస్తారా?

అనంతపురం పశువైద్యం:
తప్పకుండా మేడం. ఏడాదిన్నర దాటిన గొర్రెది కూడా పక్కనే పెడతాను. తేడా వాళ్లే చూస్తారు.