‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ నిష్పక్షపాతమైన సినిమానా?

పాతరీలు:
1966లో జిల్లో పొంటెకోర్వో తీసిన ఈ సినిమాను మెచ్చుకునేవాళ్లంతా ‘ఇరుపక్షాలనూ సమానంగా చూపించాడు’ అంటారు. నేను ఒప్పుకోను. నిర్మాత సాదీ యాసెఫ్, ఫ్రాన్స్ పాలన నుంచి అల్జీరియా స్వాతంత్ర్యం కోసం పోరాడిన ఎఫ్ఎల్ఎన్ నాయకుడు, రాజధాని అల్జీర్స్‌లో బాంబు దళాలను నడిపినవాడు. జైల్లో ఆయన రాసుకున్న జ్ఞాపకాలే కథకు ఆధారం. పైగా తనను పోలిన పాత్ర తానే వేశాడు. గెలిచినవాళ్లు చెప్పుకున్న కథను న్యూస్‌రీల్‌లా నలుపు తెలుపుల్లో తీస్తే అది చరిత్ర అయిపోతుందా?

వేకువ:
నిష్పక్షపాతం కాదన్నది నిజమేనండీ. అది తప్పెలా అవుతుంది? 1830 నుంచి ఆ దేశాన్ని ఆక్రమించుకున్నవాళ్లకీ, అందులో పుట్టి హక్కులు లేకుండా బతికినవాళ్లకీ నడుమ దర్శకుడు తటస్థంగా ఎందుకుండాలి? నేను చూసేది ఒక్కటే: తను నమ్మిన పక్షం చేసిన హత్యలను దాచాడా లేదా అని.

దాచలేదు. 1956 సెప్టెంబర్ 30న ముగ్గురు అమ్మాయిలు బాంబులు తీసుకెళ్లిన ఘట్టం చూడండి. కెఫేలో బాంబు పెట్టబోయే అమ్మాయి చుట్టూ చూస్తుంది. ఐస్‌క్రీమ్ తింటున్న పసివాడు కనిపిస్తాడు. ఆ పిల్లాణ్ణి చూపించకుండా ఉంటే ప్రేక్షకుడికి ఆమెను అభిమానించడం చాలా తేలికయ్యేది. అంతకుముందు, ఆగస్టులో, అల్జీరియన్లు ఉండే పాతబస్తీ కస్బాలో ఫ్రెంచివాళ్లు పెట్టి అర్ధరాత్రి పేల్చిన బాంబుకు ఇళ్లు కూలి అల్జీరియన్లు చనిపోతారు. శిథిలాల్లోంచి శవాలను తీస్తున్నప్పుడు వచ్చే సంగీతమే కెఫేల్లో ఫ్రెంచివాళ్ల శవాల మీదా వస్తుంది. ఎవరి పోరాటం న్యాయమో తేల్చి చెప్పిన దర్శకుడు, చావుల దగ్గర మాత్రం తేడా చూపలేదు.

పాతరీలు:
కస్బా పేలుడు ముందు, కెఫేలు తర్వాత. ఆ వరుసే ఒక సమర్థన కదా?

వేకువ:
నిజంగా జరిగిన వరుసే అది. ఆగస్టు 10 తర్వాతే సెప్టెంబర్ 30 వచ్చింది. దాన్ని తిరగేస్తే అబద్ధమయ్యేది.

సినీచూపు:
నా అభ్యంతరం వేరే. సినిమాలో అందరికన్నా బాగా మాట్లాడేది ఫ్రెంచ్ పారాట్రూపర్ల కల్నల్ మాథ్యూ. చిత్రహింసలు పెట్టించేవాణ్ణి అంత హుందాగా చూపించాలా? 2003లో అమెరికా సైనిక కేంద్రం పెంటగాన్‌లో ఈ సినిమా ప్రదర్శించారంటే, వాళ్లకు అందులో పనికొచ్చేదేదో కనిపించే కదా!

వేకువ:
ఆ హుందాతనంలోనే అసలు నేరారోపణ ఉంది. మాథ్యూ శాడిస్టు అయితే తప్పు ఒక్కడిదయ్యేది. పత్రికలవాళ్లతో అతనేమంటాడో గుర్తుందా? ఫ్రాన్స్ అల్జీరియాలో ఉండాలా వద్దా చెప్పండి, ఉండాలంటే దాని పర్యవసానాలన్నీ ఒప్పుకోవాల్సిందే అంటాడు. అంటే హింస పారిస్‌లో కూర్చున్న ప్రభుత్వానిది, దాన్ని ఎన్నుకున్నవాళ్లది. ఆ పాత్ర వేసిన జాన్ మార్టాన్, అల్జీరియా యుద్ధాన్ని ఎదిరిస్తూ 1960లో 121 మంది మేధావులు చేసిన ప్రకటన మీద సంతకం పెట్టినవాడు. సినిమాలో దాదాపు ఆయనొక్కడే వృత్తి నటుడు.

పెంటగాన్ సంగతా? దీన్ని వ్యూహపాఠంగా చూసేవాళ్లు చివరి నిమిషాలను వదిలేస్తున్నట్టే. 1957 అక్టోబర్లో ఎఫ్ఎల్ఎన్ పోరాటయోధుడు అలీ లా పాయింట్ దాక్కున్న ఇంటిని పేల్చేసి మాథ్యూ గెలుస్తాడు. 1960 డిసెంబర్లో నాయకుడెవరో కూడా తెలియని జనం జెండాలతో వీధుల్లోకి వచ్చేస్తారు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది.

ఈ సినిమా మీద నాకున్న ఫిర్యాదు కూడా చెప్తాను. బాంబులు మోసిన ఆ ముగ్గురు స్త్రీలు సినిమాలో దాదాపు మాట్లాడరు. అద్దం ముందు జుట్టు కత్తిరించుకుంటుంటే డప్పుల మోత వినిపిస్తుంది తప్ప, వాళ్ల మనసులో ఏముందో మనకు తెలియదు. మగవాళ్లు మాత్రం మేడల మీద కూర్చుని వాదించుకుంటారు. నాకిది మాథ్యూ హుందాతనం కంటే పెద్ద లోపం.

పాతరీలు:
మరి మెలూజా ఊరి సంగతి? 1957 మేలో ప్రత్యర్థి పార్టీ ఎంఎన్ఏను సమర్థించారని ఎఫ్ఎల్ఎన్ దాదాపు 300 మంది గ్రామస్థులను చంపింది. తన పక్షం హత్యలను దాచలేదన్నారు, ఇది ఏది?

వేకువ:
కథ అల్జీర్స్ నగరం దాటదు కాబట్టి ఆ ఊరు లేకపోవడాన్ని నేను తప్పుపట్టను. కానీ నగరంలోనైనా స్వాతంత్ర్యం కోరిన మరో పార్టీ ఉందన్న సంగతే తెలియనివ్వలేదు. అల్జీరియన్లంతా ఒకే గొంతుతో ఉన్నట్టు చూపించారు. ఈ విషయంలో మీ మాటే సరైనది, యాసెఫ్ ప్రభావం అక్కడ కనిపిస్తుంది. ఫ్రెంచివాళ్ల చావులను దాచని సినిమా, స్వాతంత్ర్యం కోరిన అల్జీరియన్లే ఒకరినొకరు చంపుకున్నది దాచింది.