ప్యూర్ డేటా ప్యాచ్ ఒకటే: ల్యాప్‌టాప్, రాస్ప్‌బెర్రీ పై, బెలా, ఆర్గనెల్ అన్నిట్లో మోగాలంటే?

తంబురాలూప్:
ప్యూర్ డేటా (పీడీ, బాక్సుల్ని తీగలతో కలిపి శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్)లో చేసిన తంబురా శ్రుతి ప్యాచ్ (అలా కలిపిన ప్రోగ్రామ్) విండోస్‌లో చక్కగా మోగుతోంది. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్లో తెరిస్తే కొన్ని బాక్సుల అంచులు తెగిన గీతల్లా కనిపిస్తున్నాయి, శబ్దం లేదు. ఆర్గనెల్ (పీడీ ప్యాచ్‌లు నడిపే వాద్యం), బెలా (శబ్దం కోసం చేసిన బోర్డు) ఉన్నవాళ్లకూ పంపాలి. ఏం మార్చాలి?

వెనిల్లాపీడీ:
అంచు తెగిందంటే ఆ ఆబ్జెక్ట్ (బాక్సు చేసే పని) పీడీకి దొరకలేదని అర్థం. ప్యాచ్ ఫైలు వట్టి టెక్స్టే, ఎక్కడైనా తెరుచుకుంటుంది. ఎక్స్‌టర్నల్స్ (బయటి నుంచి చేర్చుకునే ఆబ్జెక్టులు) మాత్రం ప్రాసెసర్‌ని బట్టి కంపైల్ అవుతాయి. విండోస్ కోసం కంపైల్ చేసిన డీఎల్ఎల్ ఫైలు రాస్ప్‌బెర్రీ పైలో పనికిరాదు, 32 బిట్ ఆర్మ్‌ది 64 బిట్ పీడీలో లోడ్ కాదు. నలుగురికీ ఇచ్చే ప్యాచ్‌ని వెనిల్లా (పీడీతోనే వచ్చే) ఆబ్జెక్టులతోనే కట్టండి, అబ్‌స్ట్రాక్షన్లు (వేరే ఫైళ్లుగా దాచి ఆబ్జెక్టుల్లా వాడే ప్యాచ్‌లు) అన్నీ అదే ఫోల్డర్లో ఉంచండి.

నాదం48:
శాంపిల్ (రికార్డు చేసిన శబ్దం) ఫైలు పేరు పెద్ద ఎస్‌తో ఉండి, ప్యాచ్‌లో చిన్న ఎస్‌తో రాసుంటే విండోస్ సర్దుకుపోతుంది. లినక్స్ ఫైలే లేదంటుంది. పేర్లన్నీ చిన్న అక్షరాల్లో పెట్టేయండి.

శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారో ఆ అంకె) సంగతి ఇంకా ముఖ్యం. 44100లో రికార్డైన తంబురాను 48000లో నడిచే పీడీలో ట్యాబ్‌ప్లే (శబ్దాన్ని పీడీ రేటులోనే వాయించే ఆబ్జెక్ట్)తో వాయిస్తే దాదాపు ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. డి శ్రుతి కాస్తా డి షార్ప్‌కీ ఈకీ మధ్య పడుతుంది, పాడేవాళ్లకి నరకం. ట్యాబ్‌ప్లే తీసేసి ఫేజర్ (చదివే స్థానాన్ని జరిపేది), ట్యాబ్‌రీడ్4 (ఆ స్థానంలో శబ్దాన్ని చదివేది) వాడండి. శబ్దం ఫైలుని లోడ్ చేసే సౌండ్‌ఫైలర్ కుడి అవుట్‌లెట్ ఇచ్చే లిస్టులో మొదటి అంకె ఫైలు రేటు. దాన్ని ఫైల్లోని శాంపిళ్ల (కొలతల) సంఖ్యతో భాగించి ఫేజర్‌కి ఇస్తే ఏ మెషీన్‌లోనైనా శ్రుతి కదలదు.

నాలుగునాబ్‌లు:
ఆర్గనెల్‌కి ఫోల్డర్లో మెయిన్ అనే పీడీ ఫైలు ఉండాలి. శబ్దాన్ని డాక్‌కి (సౌండ్ కార్డుకి పంపే ఆబ్జెక్ట్) కాకుండా త్రోతో (తీగ లేకుండా పేరుతో పంపేది) అవుట్‌ఎల్, అవుట్‌ఆర్‌లకి పంపండి. వాటిని అందుకునే క్యాచ్‌లు ఆర్గనెల్‌లో ఎప్పుడూ నడిచే మదర్ ప్యాచ్‌లో ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో మదర్ లేకపోతే మౌనమే. నాబ్1 నుంచి నాబ్4 దాకా రిసీవ్‌లలో 0 నుంచి 1 విలువలొస్తాయి.

బెలాబోర్డు:
బెలాలో మెయిన్ పేరు ముందు అండర్‌స్కోర్ తప్పనిసరి. పీడీ కిటికీ ఉండదు, స్లయిడర్ జరిపే దారే లేదు కాబట్టి తొలి విలువలన్నీ లోడ్‌బ్యాంగ్‌తో (ప్యాచ్ తెరుచుకోగానే సంకేతమిచ్చే ఆబ్జెక్ట్) ఇవ్వాలి. అనలాగ్ పిన్నులు ఏడీసీ (ఇన్‌పుట్ ఆబ్జెక్ట్) 3వ ఛానెల్ నుంచి వస్తాయి. పాట్‌ని (తిప్పే నాబ్) 3.3 వోల్టులకి కలిపితే విలువ 0.8 దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే పూర్తి స్కేలు 4.096 వోల్టులు. 1.24తో హెచ్చించండి.

వెనిల్లాపీడీ:
అందుకే మోత పుట్టించే భాగాన్ని ఒకే అబ్‌స్ట్రాక్షన్‌గా విడదీయండి. శ్రుతి, వేగం, వాల్యూమ్‌కి ఇన్‌లెట్లు, శబ్దానికి రెండు అవుట్‌లెట్లు చాలు. ఒక్కో బోర్డుకి చిన్న తొడుగు ఫైలు రాస్తే సరి.

తంబురాలూప్:
ఎక్స్‌టర్నల్స్ తీసేశాక పైలో మోగుతోంది. కానీ చిటపటలు, ఆగి ఆగి.

నాదం48:
హెడ్‌ఫోన్ జాక్‌తో ఇన్‌పుట్ రాదు, కాబట్టి పీడీలో ఇన్‌పుట్ ఆపేయండి. ఆడియో సెట్టింగుల్లో డిలే (బఫర్) 20 మిల్లీసెకన్లు పెట్టి చూడండి. అయినా తగ్గకపోతే టెర్మినల్లో vcgencmd get_throttled అని అడగండి. సున్నా కాకుండా 0x50005 కనిపిస్తే వోల్టేజి పడిపోయి ప్రాసెసర్ నెమ్మదించింది. ఫోన్ చార్జర్ తీసి 3 ఆంపియర్ల సప్లయ్ పెట్టండి.