శ్లాబు వేసేలోపే శాటిలైట్ ఇంటర్నెట్ డిష్‌కి ఏర్పాటు చేసుకోవాలి, పోలు ఎక్కడ, పైపు ఎలా?

సింగ్‌నగర్_మేడ:
అందరికీ నమస్కారం. మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. కింద ఒక వాటా, పైన ఒకటి ఉన్నాయి, ఇప్పుడు రెండో అంతస్తు లేపుతున్నాం, ఇంకో పాతిక రోజుల్లో శ్లాబు. నేను ఇంట్లోంచే మెడికల్ కోడింగ్ చేస్తాను, రాత్రి షిఫ్టు. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు కింద వాటాలో కిటికీ దాకా నీళ్లు నిలిచాయి. కరెంటు లేదు, ఫైబర్ లేదు, ఫోన్‌లో గీతలు కనపడటమే గానీ ఒక్క మెసేజ్ పోలేదు. నీళ్లు తీశాక కూడా ఫైబర్ రావడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. కేబుల్ ఆయన్ని అనడానికి లేదు, ఆయన ఇల్లూ మునిగింది. కానీ నా జీతంలో ఆ పదకొండు రోజులూ కోత పడింది.

అందుకని ఈసారి మేడ మీద పర్మనెంటుగా ఒక డిష్ పెట్టుకుందామని. ఏ కంపెనీది అని ఇంకా అనుకోలేదు. కట్టేటప్పుడే పైపులు, పోలుకి చోటు వదిలేస్తే తర్వాత గోడలు పగలగొట్టే పని ఉండదు కదా. మేస్త్రిని అడిగితే "అదెంత సార్, శ్లాబులో నాలుగు బోల్టులు దిగ్గొడదాం, పిట్టగోడకైనా బిగిద్దాం" అంటున్నాడు. నాకెందుకో నమ్మకం కుదరలేదు. ఎటు తిరిగి ఉండాలి, ఎంత ఎత్తు పోలు, పైపు ఎంత లావు? ఇంకోటి, దుబాయ్‌లో ఉన్న మా బావ స్టార్‌లింక్ కిట్ సూట్‌కేసులో పెట్టుకొస్తానంటున్నాడు. తెమ్మనొచ్చా?

పాత_వీశాట్_మనిషి:
మీ బావకి ఇప్పుడే ఫోన్ చేసి వద్దని చెప్పు తమ్ముడూ, మిగతాది తర్వాత. అనుమతి లేని రేడియో పరికరం వాడితే కేసు. పైగా ఆ డిష్‌లో జీపీఎస్ ఉంటుంది, తను ఏ దేశంలో ఉందో దానికి తెలుసు, బయటి దేశం ఖాతా మీద సింగ్ నగర్‌లో పనిచెయ్యదు. స్టార్‌లింక్‌కి మన టెలికాం శాఖ లైసెన్సు 2025 జూన్‌లో వచ్చింది, జులైలో అంతరిక్ష సేవలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ అయిదేళ్లకి అనుమతి ఇచ్చింది. తీసుకుంటే ఇక్కడి కనెక్షనే, ఇక్కడి బిల్లుతోనే.

నేను పన్నెండేళ్లు వీశాట్ డిష్‌లు, అంటే ఉపగ్రహం మీద డేటా లింకు ఇచ్చే చిన్న డిష్‌లు బిగించాను. బ్యాంకులు, ఏటీఎంలు, పెట్రోల్ బంకులు, అవనిగడ్డ నుంచి మాచర్ల దాకా ఎక్కని డాబా లేదు. నువ్వు కంపెనీ తేల్చుకోకపోయినా పర్లేదు గానీ రకం తేల్చుకోవాలి, రెండింటికీ ఆకాశం కావలసిన తీరు వేరు.

ఒకటి, ఎప్పుడూ ఒకే చోట నిలబడే ఉపగ్రహం. భూమధ్యరేఖకి పైన దాదాపు 36 వేల కిలోమీటర్లు. హ్యూస్ వాళ్లు ఇస్రో జీశాట్-11, జీశాట్-29 మీద ఇచ్చేది ఈ రకం, నేను బిగించిన వీశాట్‌లూ ఇవే. జీశాట్-11 ఉండేది 74 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, మన బెజవాడ 80.6 దగ్గర. లెక్క కడితే డిష్ దక్షిణం నుంచి ఒక 22 డిగ్రీలు పడమరకి తిరిగి, 69 డిగ్రీలు పైకి చూడాలి. అంటే దాదాపు నెత్తి మీదకే. పక్కన పది మీటర్ల దూరంలో ఉన్న బిల్డింగు మన డిష్ కంటే 26 మీటర్లు ఎత్తుంటే గానీ అడ్డం రాదు. బిగించాక చూస్తే డిష్ అంత పైకి చూస్తున్నట్టు కనపడదు, అది ఆఫ్‌సెట్ డిష్ (గిన్నె నిటారుగా ఉన్నట్టున్నా సిగ్నల్ పైనుంచే పట్టుకునే రకం) కాబట్టి, తప్పు పెట్టారని కంగారు పడకు. దీనితో బాధేమిటంటే ఆలస్యం. సిగ్నల్ అంత దూరం వెళ్లి రావాలి, అర సెకను పైనే పోతుంది, 600 మిల్లీసెకన్లు మామూలే. ఫైళ్లు పంపుకోవచ్చు, వీడియో కాల్‌లో మాత్రం మాట మీద మాట పడుతుంది.

రెండోది స్టార్‌లింక్ లాంటిది, 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ పోయే వేల ఉపగ్రహాలు. ఆలస్యం ఫైబర్‌కి దగ్గరగా ఉంటుంది. పలకలా ఉండే దాని డిష్ కదలకుండానే ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉంటుంది, అందుకని దానికి ఒక్క దిక్కు చాలదు, చుట్టూ ఆకాశం కావాలి. పాతిక డిగ్రీల పైన ఏమీ లేకుండా చూసుకో. అంటే పది మీటర్ల దూరంలో ఉన్నది డిష్ కంటే నాలుగున్నర మీటర్లు మించకూడదు. కొబ్బరిచెట్టు మట్ట ఊగినా ఆ కాసేపు తెగుతుంది. మేడ మీద ఫోన్ పట్టుకుని ఆకాశం స్కాన్ చేస్తే ఎక్కడ అడ్డమో వాళ్ల యాపే చూపిస్తుంది.

రెండో రకానికి సరిపోయే చోటు మొదటి రకానికీ సరిపోతుంది. అటునుంచి ఇటు కుదరదు. కాబట్టి అన్నిటికంటే ఎత్తయిన, ఖాళీ చోటు చూసి పెట్టుకో, కంపెనీ సంగతి తర్వాత.

పిట్టగోడ మాట మాత్రం ఎత్తొద్దు. కొత్తలో నేనే ఒక పల్లె బ్రాంచిలో నాలుగున్నర అంగుళాల పిట్టగోడకి 1.2 మీటర్ల డిష్ బిగించాను. ఆ సైజు డిష్ నుంచి పోయే కిరణం వెడల్పు ఒకటిన్నర డిగ్రీ. ఒక గాలివాన సాయంత్రం గోడ కొట్టుకుని బోల్టు చుట్టూ గార రాలింది, పోలు వేలెడంత వంగింది, అంతే, లింకు పోయింది. మర్నాడు పింఛన్ల రోజు. బ్రాంచి ముందు ముసలివాళ్లు వరసగా కూర్చుని నన్నే చూస్తుంటే నేను పైన రసమట్టం పట్టుకుని చెమటలు కక్కాను.

తూకం_గుండు:
సివిల్ ఇంజనీర్‌ని, గుంటూరు. పైన అన్న చెప్పిన పిట్టగోడ సంగతికి లెక్క ఇదీ. కట్టడాల మీద గాలి తోపుకి మన దేశ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విజయవాడకి ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, గంటకి 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కి 44 మాత్రమే, కాబట్టి అక్కడి వీడియోలు చూసి ఇక్కడ కట్టొద్దు. 50 మీటర్ల గాలి ఎదురుగా కొడితే చదరపు మీటరుకి 150 కిలోల తోపు. 1.2 మీటర్ల డిష్ ముఖం చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ, దాని ఆకారం వల్ల పెరిగేది కూడా కలిపితే 200 కిలోలు దాటుతుంది. ఆ బరువు రెండు మీటర్ల పోలు కొసన పెట్టి ఊపితే అడుగున నాలుగు బోల్టుల మీద ఏం పడుతుందో మీ మేస్త్రిని ఆలోచించమనండి. ఇదేదో కాగితం లెక్క కాదు, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. స్టార్‌లింక్ పలక చిన్నది, దాదాపు 60 సెంటీమీటర్లకి 38, దాని మీద తోపు చాలా తక్కువ. అయినా పెద్దదానికి సరిపడా కట్టుకుంటే పోయేదేమీ లేదు.

శ్లాబులో బోల్టులు దిగ్గొట్టొద్దు. వాటర్‌ప్రూఫింగ్ చేసిన శ్లాబుకి చిల్లు పెడితే రెండో వానాకాలానికి ఉరవడం మొదలవుతుంది. అందరం పై అంతస్తు కోసమని పిల్లర్ చువ్వలు వదిలేస్తాం కదా, తుప్పు పట్టి ఆకాశం చూస్తూ ఉంటాయి. మీ మెట్ల గది పిల్లర్లలో ఒకదాని చువ్వలు శ్లాబు పైకి అడుగున్నర లేపి, 45 సెంటీమీటర్ల చదరం దిమ్మె పోయించండి, కాంక్రీటు పచ్చిగా ఉండగానే నాలుగు 16 ఎంఎం ఫౌండేషన్ బోల్టులు నిలబెట్టండి, మరలకి గ్రీజు పూసి పాలిథిన్ చుట్టండి. బరువు నేరుగా పిల్లర్లోకి దిగుతుంది, చిల్లు లేదు. మెట్ల గది మీదే ఎందుకంటే రేపు మూడో అంతస్తు వేస్తే మామూలు శ్లాబు మీద ఉన్న దిమ్మె గదిలోకి పోతుంది. పోలు మీటరు దాటనివ్వకండి, ఎత్తు కావాలంటే దిమ్మె ఎత్తు పెంచుకోండి. పోలు ఇప్పుడే కొనకండి, ఒక్కో డిష్ బిగింపుకి ఒక్కో సైజు పైపు.

బ్రాడీపేట_నాలుగో_లైను:
ఇంత హడావుడి దేనికి బ్రో? రెండు కంపెనీల ఫైబర్, ఒక 5జీ డాంగిల్. అయిపోయె. వాన గట్టిగా పడితే డిష్ కూడా పోతుంది, మా ఇంట్లో టీవీ చూడట్లేదా.

సింగ్‌నగర్_మేడ:
బ్రో, మా వీధిలో రెండు ఫైబర్లూ ఒకే కరెంటు స్తంభం మీద వస్తాయి. స్తంభమే పడిపోయింది. టవరుకి డీజిల్ మోసుకెళ్లే దారి లేదు. వాన సంగతి మాత్రం నిజమే అనుకుంటా, వీశాట్ అన్న చెప్పాలి.

మెట్ల గది మీద వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు పెట్టాలని నాన్న పట్టుదల. మిగిలిన చోట అమ్మ వడియాలు పెట్టుకుంటుంది, అది ముట్టుకునే ధైర్యం నాకు లేదు.

పాత_వీశాట్_మనిషి:
వాన నిజమే. ఈ డిష్‌లు ఎక్కువగా వాడేది కేయూ బ్యాండు అనే రేడియో తరంగాలు, కుండపోతగా పడితే చినుకులే సిగ్నల్ తాగేస్తాయి. పావుగంటో అరగంటో పోతుంది, మబ్బు జరగ్గానే దానంతటదే వస్తుంది. తుపాను రోజయితే చాలాసార్లు పోయి వస్తుంది. నీకు 2024లో దెబ్బ కొట్టింది వాన పడిన గంటలు కాదుగా, తర్వాతి పదకొండు రోజులు. మొదటి రకం డిష్‌కి ఇంకో సంగతి ఉంది, మార్చిలో కొన్ని రోజులు, మళ్లీ సెప్టెంబర్ చివర అక్టోబర్ మొదట్లో కొన్ని రోజులు, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి మధ్యాహ్నం కొన్ని నిమిషాలు లింకు పడిపోతుంది. తెలియక నేను ఒకసారి కేబులంతా మార్చేశాను!

ట్యాంకులు ఉత్తరం మూలకి తోసి దిమ్మె దక్షిణం వైపు పెట్టు, దిమ్మె, పోలు కలిపి ట్యాంకు మూతతో సమంగా వస్తే అడ్డం సమస్య ఉండదు. నీళ్లు పొర్లితే కేబుల్ మీద పడకుండా చూసుకో.

పైపు ఒకటిన్నర అంగుళం పీవీసీ, శ్లాబు కట్టే ఊచల మధ్యే వేయించు, మెట్ల గది నుంచి నీ గది దాకా. చిన్న పైపు వేస్తే స్టార్‌లింక్ కేబుల్ కొసన ఉన్న ప్లగ్గు దూరదు, దాన్ని కొయ్యాలని చూస్తారు. ఎల్బోలు వద్దు, పొడుగు బెండ్లు పెట్టించు. లోపల జీఐ (జింకు పూత ఇనుము) తీగ ఒకటి దూర్చి రెండు కొసలూ మడిచి పెట్టు, లేకపోతే కాంక్రీటు పాలు దిగి పైపు మూసుకుపోయిందని శ్లాబు ఎండాక తెలుస్తుంది. పక్కనే ఇంకో పైపు ఖాళీగా వెయ్యి, వీశాట్‌కి రెండు కేబుళ్లు దించాల్సి రావచ్చు. దూరం కొలుచుకో, స్టార్‌లింక్ పెట్టెలో వచ్చేది 15 మీటర్ల కేబులే, వీశాట్‌కి వేసే ఆర్‌జీ-6 కేబుల్ (టీవీ డిష్‌కి వాడే రకం) ముప్పై మీటర్లు దాటితే సిగ్నల్ బలహీనపడుతుంది. పైన పైపు నోరు కిందికి వంచు. కేబుల్ అందులోకి వెళ్లే ముందు జానెడు కిందికి వేలాడి పైకి ఎక్కాలి, నీటి బొట్టు ఆ వంపులోంచి రాలిపోతుంది.

ఎర్తింగ్ కోసం పోలు నుంచి వేరే రాగి తీగో జీఐ పట్టీనో వేసి కింద గుంట దాకా దించు, ఇంటి ఎర్తింగ్‌తో కూడా కలిపించు, రెండూ విడివిడిగా ఉంటే పిడుగు దగ్గర్లో పడ్డప్పుడు ఆ తేడా నీ రూటర్‌లోంచి పోతుంది. నీళ్ల పైపుకి చుట్టేసి ఎర్తింగ్ అయిందనే వాళ్లని నమ్మకు.

కరెంటు లేకపోతే ఇదంతా అలంకారమే. స్టార్‌లింక్ డిష్ 75 నుంచి 100 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ బ్యాటరీ ఇన్వర్టరు మీద అదొక్కటే నడిపితే పన్నెండు గంటలు చూసుకో, ఫ్యాన్ వేస్తే తగ్గుతుంది. నీ బ్యాటరీ కింద వాటాలో ఉందా? అయితే ముందు దాన్ని పైకి మార్చు.

పట్టాభిపురం_అపార్ట్‌మెంట్:
మాది సొంత మేడ కాదండీ, గుంటూరులో అపార్ట్‌మెంట్, కట్టి తొమ్మిదేళ్లయింది. చువ్వలూ లేవు, దిమ్మెలూ లేవు, టెర్రస్ అందరిదీ. నేను కిందటేడు ఆఫీసు పని కోసం ఇక్కడ వీశాట్ పెట్టించాను కాబట్టి చెప్తున్నా. చిల్లు కొట్టకుండా ఇనుప చట్రం చేయించి, కింద రబ్బరు షీటు పరిచి, చట్రం నాలుగు మూలలా సిమెంటు దిమ్మెలు పెట్టించాం. బరువు పిల్లర్ల వరస మీద పడేలా జరిపాం. అసలు కష్టం అసోసియేషన్ మీటింగులో, పై ఫ్లాటు ఆవిడ "రేడియేషన్" అన్నారు, ఇంకొకాయన అద్దె అడిగారు. చివరికి తీర్మానం రాయించి సంతకాలు పెట్టించుకున్నాను. మీకు ఆ బాధ లేదు, అదృష్టవంతులు.

ఒకటి మాత్రం చూసుకోండి, కోతులు. మా కేబుల్ రెండుసార్లు లాగేశాయి. బయట కనపడే ముక్క జీఐ పైపులోంచి పోనివ్వండి.

తూకం_గుండు:
చట్రానికి దిమ్మెల బరువు అంచనాగా పెట్టకండి. 1.2 మీటర్ల డిష్ అయితే మూణ్ణాలుగు సిమెంటు బస్తాల బరువు చాలదు, ఎవరైనా ఇంజనీరుతో లెక్క కట్టించండి. గాలికి చట్రంతో సహా పక్క మేడ మీద వాలితే తీర్మానం అక్కరకి రాదు.

సింగ్‌నగర్_మేడ:
అందరికీ థాంక్స్. ఇవాళ పొద్దున మేస్త్రికి అంతా చదివి వినిపించాను. దిమ్మెకి ఒప్పుకున్నాడు, "ఇంతోటి గిన్నెకి పిల్లరా" అని నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. ఎలక్ట్రీషియన్ రెండు పైపులూ మెట్ల గది పడమర గోడలోంచి దించుతానన్నాడు, టేపు పెట్టి కొలిస్తే నా గది దాకా పదమూడు మీటర్లు వచ్చింది. మెట్ల గది మీద నిలబడి యాప్‌తో స్కాన్ చేశాను, ఒక్క తూర్పున పక్కింటి కొబ్బరిచెట్టు ఎర్రగా చూపించింది. వాళ్లని అడిగితే మట్టలు కొట్టించుకోమన్నారు, కాయలు మాత్రం వాళ్లవేనట. ఇన్వర్టరు బ్యాటరీ నిజంగానే కింద వాటాలోనే ఉంది అన్నా, నువ్వు అడిగేదాకా తట్టలేదు. ఆదివారం పైకి చేరుస్తాం. బావ కొంచెం అలిగాడు.