'ప్రమాణం' అంటే ఒట్టేనా?

నిన్న గ్రూపులో ఒక సభ్యుడు అడిగారు: "దేవుణ్ణి నమ్మనివాడు 'ప్రమాణం చేస్తున్నాను' అంటే ఆ మాటకి అర్థం ఉంటుందా? ప్రమాణం అంటేనే దేవుడి మీద ఒట్టు కదా?" కింద చాలామంది అవునన్నారు. ఒకరైతే "దేవుడు లేనివాడికి నీతి ఎక్కడిది, ప్రమాణం ఎక్కడిది" అని రాశారు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మాట సంగతి. ప్రమాణంలో ఉన్న ధాతువు 'మా'. కొలవడం అని అర్థం. మానం, పరిమాణం, అనుమానం, ఉపమానం అన్నీ దాని పిల్లలే. కొలత, కొలిచే సాధనం అన్న అర్థంలోంచే 'నిజాన్ని తెలుసుకునే సాధనం' అన్న అర్థం వచ్చింది. ఒట్టుకి సంస్కృతంలో శపథం అనే వేరే మాట ఉంది. మన తెలుగులో మాత్రం ఈ మూడూ ఒకే మాటలో కాపురం ఉంటున్నాయి. 'నాణ్యతా ప్రమాణాలు' అంటే కొలత. 'నువ్వనేదానికి ప్రమాణం ఏమిటి?' అంటే ఆధారం. 'అమ్మవారి మీద ప్రమాణం' అంటే ఒట్టు.

న్యాయదర్శనం (మన పాత తర్కశాస్త్రం) వాళ్లు ప్రమాణాలు నాలుగన్నారు: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూసింది, చూసినదాన్నిబట్టి ఊహించింది, పోలికతో తెలిసింది, నమ్మదగినవారు చెప్పింది. దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని చార్వాకులు మొదటిది ఒక్కటే చాలన్నారు. బౌద్ధ తార్కికులు మొదటి రెండే ఒప్పుకున్నారు. శ్రీకాకుళం జిల్లా శాలిహుండం కొండ మీద ఆ బౌద్ధ స్తూపాల మధ్య నిలబడి కింద వంశధారని చూసినప్పుడల్లా, ఈ వాదాలు మన నేల మీద కూడా నడిచే ఉంటాయి కదా అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆ నాలుగు మాటలూ మన ఇళ్లలో ఎలా ఉన్నాయో చూడండి. ప్రత్యక్షం దేవుడి దగ్గరికి వెళ్లింది: స్వామి ప్రత్యక్షమయ్యాడు అంటాం. ఉపమానం అలంకారశాస్త్రానికీ, తెలుగు బైబిల్లో యేసు చెప్పిన కథలకీ వెళ్లింది. శబ్దం చప్పుడైపోయింది. అనుమానానికైతే మరీ అన్యాయం జరిగింది. కొండ మీద పొగ చూసి అక్కడ నిప్పుందని తెలుసుకునే తెలివి పేరు అది. మనం దాన్ని పెనుభూతం చేశాం, అనుమానపు మొగుడు అని తిట్టు చేశాం. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది. ఎందుకో చెబుతాను.

మాది గజపతినగరం దగ్గర చంపావతి ఒడ్డు ఊరు. నాకు పదేళ్లప్పుడు, సంక్రాంతి ముందు, కళ్లంలో తాత కూలి గింజలు కొలుస్తున్నాడు. ఇనప కుంచాన్ని కళ్లకద్దుకుని, మొదటి కుంచం పోస్తూ "లాభం" అన్నాడు. కొలతలో ఒకటి అనరు కదా. లాభం, రెండు, మూడు... అంచు మీద పేరుకున్న గింజల్ని అరచేత్తో అడ్డంగా తోసేసి సంచిలో పోస్తున్నాడు. గోనె మూతి పట్టుకుని నేను కూర్చున్నాను.

నేను అప్పా అని పిలిచే ఒకావిడ ఏటా మా కోతలకీ నూర్పులకీ వచ్చేది. నాలుగో కుంచం దగ్గర ఆవిడ అంది: "ఏటనుకోకండి బాబూ. ఈ కుంచం మీద నాకు అనుమానంగా ఉంది. నిరుడు ఇంటికెల్లి కొలుసుకుంటే తగ్గింది."

తాతకి కోపం వచ్చింది. "పైడితల్లి మీద ప్రమాణం! మా అయ్య నాటి కుంచమిది. ఇందులో దగా నేదు."

"మీరు దగా సేసారన్నేదు బాబూ. మా మానిక తెస్తాను, కొలిసి సూద్దాం."

తెచ్చింది. నాలుగు మానికలు కుంచం. మూడు పోసింది. నాలుగోది పోస్తుంటే కుంచం అంచు దాకా వచ్చేసింది, మానిక అడుగున ఇంకా అర సోల గింజలు మిగిలాయి. తాత కుంచాన్ని బోర్లించాడు. ఏళ్ల తరబడి నేలకేసి కుదిపి కుదిపి అడుగు లోపలికి సొట్టపోయింది. ఆ సొట్టలో బొటనవేలు పెట్టి తడుముతూ చాలాసేపు మాట్లాడలేదు.

తాత ఒట్టు అబద్ధం కాదు. తను నమ్మిందే చెప్పాడు. ఆ నమ్మకం ఎంత నిజమైనదైనా, కుంచంలో అర సోల తక్కువే. ఆ తక్కువని బయటపెట్టింది ఆవిడ అనుమానం. శాస్త్రం చెప్పిన అనుమానమే: ఫలితం చూసి కారణాన్ని పట్టుకోవడం. ఆ తర్వాత తాత ఆ ఏడాది తరుగూ, నిరుటి తరుగూ లెక్కకట్టి అందరికీ కొలిచి ఇచ్చాడు. "పైడితల్లి పేరెత్తేను, ఇంకా ఒక్క గింజ ఉంచుకోకూడదు" అన్నాడు. కాబట్టి ఆయన భక్తి వృథా అని నేను అనను. తప్పు ఎక్కడుందో ఆ భక్తి చూపించలేకపోయింది, తెలిసిన తప్పుని దిద్దుకోవడానికి మాత్రం బలమిచ్చింది. అప్ప దేవుణ్ణి నమ్మేదో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు. ఆవిడ న్యాయం తెలిసిన మనిషి అని చెప్పడానికి నాకు ఆ వివరం అక్కర్లేదు.

మన చట్టం కూడా ఈ సంగతి గుర్తించింది. దైవసాక్షిగా ప్రమాణం చేయడం ఇష్టం లేనివారు, దేవుడి పేరు ఎత్తకుండా నిజమే చెబుతానని గంభీరంగా మాట ఇవ్వవచ్చు. చట్టసభల్లోనూ ఇంతే, కోర్టుల్లోనూ ఇంతే. 1969 నాటి ప్రమాణాల చట్టంలో ఇంకో ముక్క ఉంది. 12 ఏళ్లలోపు పిల్లలకి నిజం చెప్పాలన్న బాధ్యత తెలుసు గానీ ప్రమాణం అంటే ఏమిటో తెలియదని కోర్టుకి అనిపిస్తే, ప్రమాణం లేకుండానే సాక్ష్యం తీసుకోవచ్చు. ఒట్టు తెలియకముందే నిజం తెలుస్తుందని చట్టమే ఒప్పుకుంది.

— వ్యాఖ్యలు —

బొబ్బిలి నుంచి ఒక మాస్టారు: బాగుంది తమ్ముడూ. కానీ నువ్వు శబ్ద ప్రమాణాన్ని తేలిగ్గా దాటేశావు. వేదం మీద నమ్మకం ఉన్నవాళ్లకి అదే పెద్ద ప్రమాణం. నమ్మకాన్ని కుంచంతో కొలవలేం.

నేను: నిజమే మాస్టారూ, తొందరపడ్డాను. అయితే శంకరాచార్యులవారే గీతాభాష్యం చివరి అధ్యాయంలో, అగ్ని చల్లనిదని నూరు శ్రుతులు (వేదవాక్యాలు) చెప్పినా అది ప్రమాణం కాదన్నారు. కంటికి కనిపించేదాన్ని కాదనే పని శ్రుతిది కాదని ఆయన భావం. కుంచానికి అందని విషయాల్లో మీ నమ్మకం మీది, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కుంచానికి అందేవాటిలో మాత్రం కొలవనివ్వండి.

పలాస నుంచి ఒక అక్క: ఆవిడ మానికే పెద్దదేమో? దాన్నెవరు కొలిచారు?

నేను: మంచి ప్రశ్న అక్కా. తాత కూడా అదే అడిగాడు. పక్క కళ్లం నుంచి ఇంకో కుంచం తెప్పించి అందులో ఆవిడ మానికతో పోస్తే నాలుగూ సరిగ్గా పట్టాయి. ఆ తర్వాతే ఒప్పుకున్నాడు.

చీపురుపల్లి నుంచి ఒక తమ్ముడు: మా ఇంట్లో గొడవైతే మా మామ్మ "ఒట్టు తీసి గట్టు మీద పెట్టు, జరిగింది చెప్పు" అనేది అన్నా. ఇన్నాళ్లూ అది వెటకారం అనుకున్నాను.

నేను: ఆవిడ అడిగింది ఆధారం తమ్ముడూ. మామ్మ మాటలు ఇంకా ఏమైనా గుర్తుంటే ఇక్కడ రాయి.

పలాస అక్క: ఆ కుంచం ఇంకా ఉందా?

నేను: ఉంది. ఆ మధ్యాహ్నమే తాత కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి అడుగు సాపు చేయించాడు. సుత్తి దెబ్బల గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. మర్నాడు దాంతోనే మిగతా రాశి కొలిచాడు. కళ్లకద్దుకుని, "లాభం" అనే మొదలుపెట్టాడు. ఏడు అనకుండా "ఆరున్నొకటి" అన్నాడు. అప్ప పక్కనే కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.