కార్న్ స్నేక్ సందేహం: ఆమెల్, అనెరీ జత కడితే పిల్లలన్నీ మామూలు రంగులో ఎందుకొచ్చాయి?

ప్రశ్న (మిషిగన్ నుంచి ఒక అమ్మ):
మా అబ్బాయి దగ్గర రెండు కార్న్ స్నేక్‌లు ఉన్నాయండి. మగది ఆమెల్: నలుపు అసలు లేకుండా నారింజ, తెలుపు రంగుల్లో, ఎర్ర కళ్లతో ఉంటుంది. ఆడది అనెరీ: ఎరుపు లేకుండా బూడిద, నలుపు. రెండిటినీ కలిపితే తెల్లటి స్నో పిల్లలు వస్తాయని వాడు ఎంతో ఆశపడ్డాడు. 14 గుడ్లు పెట్టింది, అన్నీ పిల్లలయ్యాయి, కానీ తెల్లది ఒక్కటీ లేదు. అన్నీ అడవిలో ఉండే మామూలు రంగే. పాములు అమ్మినవాళ్లు మోసం చేశారా? ఈ పిల్లల్నే పెంచి జత కట్టిస్తే స్నో వస్తుందా? రెండు పిల్లల్ని అట్లాంటాలో మా చెల్లెలి కొడుక్కి ఇద్దామనుకుంటున్నాం. వాడూ అడుగుతున్నాడు.

జవాబు:
మోసం ఏమీ లేదండి, బాబుకి ముందు ఆ మాట చెప్పండి. ఈ జతకి రావలసిన పిల్లలే వచ్చాయి.

ప్రతి పిల్లకీ ఒక్కో లక్షణానికి రెండు జన్యు ప్రతులు ఉంటాయి, ఒకటి తండ్రి నుంచి, ఒకటి తల్లి నుంచి. ఆమెల్ పాములో నల్లరంగు ప్రతులు రెండూ పాడై ఉంటాయి. మీ పిల్లలకి తండ్రి నుంచి పాడైన ప్రతి వచ్చినా తల్లి నుంచి మంచిది వచ్చింది. నలుపు తయారవడానికి ఆ ఒక్కటి చాలు. ఎరుపు విషయంలో ఇదే తిరగేసి జరిగింది: మంచి ప్రతి తండ్రి ఇచ్చాడు. అందుకే 14 పిల్లలూ పైకి మామూలుగా ఉన్నాయి, లోపల మాత్రం ప్రతి ఒక్కటీ రెండు లక్షణాల్నీ దాచుకుని ఉంది. దాగిన లక్షణాన్ని బ్రీడర్లు హెట్ అంటారు, రెండు దాగి ఉంటే డబుల్ హెట్.

ఇంకో సంగతి కూడా తేలింది. మగదాంట్లో అనెరీ దాగి ఉంటే పిల్లల్లో దాదాపు సగం బూడిద రంగులో రావాలి. 14లో ఒక్కటీ రాలేదు కాబట్టి దాంట్లో లేదనే అనుకోవచ్చు. ఆడదాంట్లో ఆమెల్ లేదనడానికీ ఇదే లెక్క.

బాబుకి సైన్స్ మీద ఇష్టముంటే ఇది కూడా చెప్పండి. నార్త్ కరోలినాలో 1953లో అడవిలో ఒక ఆమెల్ దొరికింది. ఆ లక్షణం తరాల్లో ఎలా దిగుతుందో చర్మవ్యాధుల వైద్యుడు బెర్నార్డ్ బెక్టెల్, ఆయన భార్య ఎలిజబెత్ పాముల్ని జత కట్టించి చూసి 1962లో ప్రచురించారు. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు దాని మూలాన్ని ఓసీఏ2 అనే జన్యువులో కనిపెట్టారు. మనుషుల్లో ఒక రకం ఆల్బినిజానికి కారణమైన జన్యువు కూడా అదే. మీవాడు ఇంట్లో చేసింది ఆ ప్రయోగం మొదటి మెట్టే.

ఇక స్నో సంగతి. ఆమెల్, అనెరీ రెండూ ఒకే పాములో పైకి కనిపిస్తేనే అది స్నో. ఈ పిల్లల్ని వాటిలో వాటికే జత కట్టిస్తే ప్రతి గుడ్డుకీ స్నో అయ్యే అవకాశం 16లో 1. మళ్లీ 14 గుడ్లే వచ్చాయనుకుంటే, ఒక్క స్నో కూడా రాకపోయే అవకాశం నూటికి 40 దాకా ఉంది. ఇన్నేళ్లు పెంచాక అలా జరిగితే పిల్లవాడి మనసు విరిగిపోతుంది. దానికంటే ఈ పిల్లల్లో ఒక మంచి ఆడదాన్ని ఉంచుకుని, బయటి నుంచి స్నో మగదాన్ని తెచ్చి కలిపితే ప్రతి గుడ్డుకీ 4లో 1 అవకాశం. 14 గుడ్లలో ఒక్కటీ రాకపోవడం అప్పుడు నూటికి రెండుసార్లు కూడా జరగదు. అన్నాచెల్లెళ్లని కలపాల్సిన పనీ ఉండదు. నేనైతే ఇదే చేయమంటాను.

ఒక్కటి చూసి చెప్పండి: మీ ఆడదాని మెడ కింద పసుపు ఉందా? అనెరీకి వయసొచ్చేకొద్దీ అక్కడ పసుపు వస్తుంది. అసలు లేకపోతే అది చార్‌కోల్ కావచ్చు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ జన్యువులు వేరు. చార్‌కోల్ అయితే స్నోతో కలిపినా మీకు స్నో రాదు. డబ్బు పెట్టేముందు ఇది తేల్చుకోవాలి. విడిచిన కుబుసం పంపితే పరీక్ష చేసే ల్యాబ్‌లు అమెరికాలో ఉన్నాయి.

మరో సభ్యుడు:
ఆడపిల్లకి మేత బాగా పెంచితే రెండో ఏడే జత కట్టొచ్చు కదా?

జవాబు:
వద్దండి. త్వరగా పెరగాలని మేత తోసేస్తే కొవ్వు పడుతుంది, గుడ్లు లోపలే ఇరుక్కుపోయి తల్లి చనిపోయే ప్రమాదం ఉంది. మూడేళ్లు నిండాలి, బరువు కనీసం 300 గ్రాములు దాటాలి. ఈ విషయంలో తొందర అసలు పనికిరాదు.

అమ్మా, ఇంకో మాట. మగదాన్ని వేరు చేసినా ఆడది లోపల దాచుకున్న వీర్యంతో ఇదే ఏడు మళ్లీ గుడ్లు పెట్టొచ్చు. అందుకే ఇప్పుడు మేతతో దాన్ని కోలుకోనివ్వండి. పిల్లల్ని విడివిడి డబ్బాల్లో పెట్టండి, కలిపి ఉంచితే ఒకదాన్నొకటి మింగడం కూడా ఉంది. మొదటి కుబుసం విడిచాకే, అంటే వారం పది రోజులకి, మొదటి మేత పెట్టండి.

ప్రశ్న వేసిన అమ్మ:
చాలా టెన్షన్ తగ్గిందండి. మెడ కింద పసుపు స్పష్టంగా ఉంది. వాడు అప్పుడే 16 గళ్ల పట్టిక గీస్తున్నాడు. చారలున్న స్ట్రైప్ కూడా కలపొచ్చా అని అడుగుతున్నాడు.

జవాబు:
అయితే అనెరీయే, సంతోషం. స్ట్రైప్‌ని ఇప్పుడే కలపవద్దని చెప్పండి. మూడు దాగిన లక్షణాలూ ఒకే పిల్లలో కనిపించాలంటే 64లో 1. అన్ని పిల్లలకి మంచి ఇళ్లు దొరకడం చాలా కష్టం. ఒంటి మీది మచ్చల తీరు మారాలనే కోరిక ఉంటే టెసెరా అనే లక్షణం చూడమనండి. దానికి ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపిస్తుంది, మొదటి తరంలోనే తెలిసిపోతుంది.

అట్లాంటాకి మాత్రం పంపకండి. కార్న్ స్నేక్ అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రం అడవుల్లో సహజంగా ఉండే పాము, అక్కడ స్థానిక పాముల్ని ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం. రంగు మారినా, బయట కొన్నా ఆ నియమం మారదు. మీ ఊళ్లోనే ఇవ్వండి. డబ్బా మీద ‘నార్మల్, హెట్ ఆమెల్, హెట్ అనెరీ’ అని, గుడ్డులోంచి బయటికొచ్చిన తేదీ, తల్లిదండ్రుల వివరం రాసి ఇస్తే తీసుకున్నవాళ్లకి అది ఏ పామో తెలుస్తుంది.