పాలిచ్చే తల్లుల కోసం బయటి ఏజెన్సీని పెట్టుకోవాలా, ఆఫీసే చూసుకోవాలా?

మాదాపూర్ హెచ్‌ఆర్

మాది 70 మంది ఉన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఈ ఏడాది నలుగురు ప్రసూతి సెలవు ముగించుకుని తిరిగి వస్తున్నారు. ఒక ఏజెన్సీ వాళ్లు వచ్చి ప్యాకేజీ చెప్పి వెళ్లారు. నెలకోసారి ల్యాక్టేషన్ కన్సల్టెంట్‌తో (తల్లిపాలు పట్టడంలో సలహా ఇచ్చే నిపుణులు) ఆన్‌లైన్ సెషన్, ఫోన్‌లో యాప్, ఒక గదికి సోఫా, కర్టెన్లు, బ్రెస్ట్ పంపు, గోడల మీద పోస్టర్లు. ఏడాది కాంట్రాక్టు. "మనకు తెలియని విషయం, తెలిసినవాళ్లకే అప్పజెబుదాం" అని మా డైరెక్టర్ గారి మాట. నాకేమో ఆ డబ్బుతో మనమే చేసుకుంటే ఇంకా బాగుంటుందేమో అనిపిస్తోంది. అప్పజెప్పడమే మేలు అనేవాళ్లు, వద్దు అనేవాళ్లు ఇద్దరూ కారణంతో సహా చెప్పండి ప్లీజ్. సోమవారం మీటింగ్ ఉంది.

రెండోపాప అమ్మ

వద్దు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట సరిగ్గా ఇలాంటి గదే ఉండేది, ఏజెన్సీ వాళ్లే చేసిచ్చారు. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర. తీసుకోవాలంటే రిజిస్టర్‌లో పేరు, వెళ్లిన టైమ్, వచ్చిన టైమ్, "పని" అని ఇంకో గడి. ఆ గార్డ్ తమ్ముడు పాపం తల ఎత్తకుండా పుస్తకం ముందుకు తోసేవాడు. "పని" దగ్గర ఏం రాస్తాం? అందరం "మీటింగ్" అనే రాసేవాళ్లం. టీమ్ కాల్ రోజూ పదకొండు గంటలకు, నాకు పాలు చేపుకొచ్చే టైమూ అదే. కెమెరా ఆఫ్ చేసుకుని, రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. చున్నీ లేని రోజైతే నరకం. ఆ కాల్‌ని అరగంట జరపమని మా మేనేజర్‌కి చెప్పే ధైర్యం ఏజెన్సీకి ఉంటుందా? గది కట్టి టైమ్ ఇవ్వకపోవడం బావి తవ్వి చేద దాచేసినట్టే.

లెక్కల మనిషి

మీ అనుభవం కాదనను మేడమ్, కానీ దాన్నిబట్టి ఏజెన్సీయే వద్దనడం సరికాదు. తాళంచెవి సెక్యూరిటీ దగ్గర పెట్టింది ఆఫీసు కదా.

70 మంది ఉన్న చోట హెచ్‌ఆర్ అంటే ఒక మనిషి, మహా అయితే ఇద్దరు. జీతాలు, పీఎఫ్, ఇంటర్వ్యూలు, పండగ స్వీట్లు అన్నీ వాళ్లే చూడాలి. చాలా చోట్ల ఆ మనిషి పాతికేళ్ల కుర్రాడు. ఒక బాలింత అతని దగ్గరికి వెళ్లి "రొమ్ములో గడ్డ కట్టింది, జ్వరంగా ఉంది" అని చెబుతుందా? బయటి మనిషి అయితే ఫోన్ చేసి అడుగుతుంది. పైగా మనం సొంతంగా మొదలుపెట్టే ఏర్పాట్లన్నీ, వాటిని చూసే హెచ్‌ఆర్ ఉద్యోగం మారేదాకే నడుస్తాయి. ఆ తర్వాత ఆ గదిలో పాత కుర్చీలు పెడతారు. కాంట్రాక్టు ఉంటే ఎవరో ఒకరు బాధ్యులుగా ఉంటారు.

పిల్లల డాక్టర్

ఇద్దరూ రెండు వేర్వేరు విషయాల గురించి మాట్లాడుతున్నారు. తల్లికి రెండు రకాల సాయం కావాలి. ఒకటి నైపుణ్యం, రెండోది సమయం. మొదటిది బయట దొరుకుతుంది, కొనుక్కోవచ్చు. రెండోది ఇవ్వగలిగింది ఆఫీసు ఒక్కటే.

సమయం దగ్గర ఎందుకు అంత పట్టుదల అంటే, రొమ్ములో పాలు తీయకుండా నిండుగా ఉంచేస్తే తయారీ తగ్గించుకోమని శరీరానికి సంకేతం వెళ్తుంది. పాప దగ్గర లేని ప్రతి పూటా పాలు పిండి తీయాలి. ఆఫీసు, ప్రయాణం కలిపి పది గంటలు ఇల్లు వదిలిన తల్లికి, పాప చిన్నదైతే మూడుసార్లు అవసరం పడుతుంది. ఒక్కోసారికి తీయడం, పంపు కడగడం, సీసా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టడం, అన్నీ కలిపి అరగంట దగ్గరికి వస్తుంది. టెన్షన్‌లో ఉంటే పాలు చేపుకు రావు, అది కూడా లెక్కలోకి తీసుకోండి. "ఉద్యోగంలో చేరాక పాలు ఇంకిపోయాయి డాక్టర్" అని వచ్చేవాళ్లలో చాలామందికి ఒంట్లో ఏ లోపమూ ఉండదు, క్యాలెండర్‌లో ఖాళీ ఉండదు అంతే.

ఇంకోటి. 26 వారాల సెలవు కదా, ఆరు నెలలు తల్లిపాలే పట్టొచ్చు కదా అంటారు. అందులో 8 వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. నడుం నొప్పి, బీపీ అని ముందే ఇంటికెళ్లిన అమ్మాయి నాలుగు నెలల పాపను వదిలి వస్తుంది. ఇద్దరు పిల్లలు ఉండి మూడో కాన్పు అయితే మొత్తం సెలవే 12 వారాలు.

ఇక బయటి మనిషిని పెట్టుకుంటే అర్హత చూసుకోండి. ఐబీసీఎల్‌సీ అనే అంతర్జాతీయ సర్టిఫికెట్ ఉంది, ఐదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. వారాంతపు కోర్సు చేసి "ఎక్స్‌పర్ట్" అని కార్డు కొట్టించుకున్నవాళ్లు కూడా మార్కెట్లో ఉన్నారు. నెలకోసారి జూమ్‌లో పదిమందికి పాఠం చెప్పే సెషన్ వల్ల పెద్దగా ఒరిగేది లేదు. తల్లి తిరిగి చేరడానికి పదిహేను రోజుల ముందు ఒక్కసారి, ఒక్కరితో, ఎదురుగా కూర్చుని పంపు ఎలా వాడాలో, చేత్తో ఎలా తీయాలో చూపిస్తే అది పనికొచ్చే ఖర్చు. చేత్తో పిండడం వస్తే కరెంటు పోయినా, పంపు పాడైనా ఇబ్బంది లేదు. ఇది నేర్పడానికి ఏజెన్సీయే అక్కర్లేదు, చాలా ప్రసూతి ఆసుపత్రుల్లో నర్సమ్మలే నేర్పుతారు. కేంద్రం 2016లో మొదలుపెట్టిన "మా" కార్యక్రమం కింద ఏఎన్ఎంలకు, ఆశాలకు కూడా తల్లిపాల విషయంలో శిక్షణ ఇచ్చారు.

జీడిమెట్ల రెండో షిఫ్ట్

అందరూ ఏసీ ఆఫీసుల గురించే మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా వినండి. నేను ఫార్మా కంపెనీలో ఇంజెక్షన్లు నింపే బ్లాక్‌లో సూపర్‌వైజర్‌ని. లోపలికి పోవాలంటే చెప్పులు, బట్టలు మార్చి, చేతులు కడిగి, కవరాల్ వేసుకుని, తలకు హుడ్, మూతికి మాస్కు, గ్లవ్స్, ఆపైన ఎయిర్ షవర్. బయటికి రావాలంటే అవన్నీ విప్పాలి, మళ్లీ పోవాలంటే కొత్త సెట్టు. పావుగంట బ్రేక్ ఇచ్చామంటారు, గౌన్ మార్చడానికే అది సరిపోదు. బ్యాచ్ మధ్యలో బయటికొస్తే రికార్డులో కారణం రాయాలి.

మా దగ్గర ఒకామె అట్లాగే ఓర్చుకుని గడ్డ కట్టి జ్వరం తెచ్చుకుంది. తర్వాత ఆమెను ప్యాకింగ్ సెక్షన్‌కి మార్చినం, సమస్య సగం తీరింది. ఏ ఏజెన్సీ చెప్పలేదు ఆ సలహా. లైన్ తెలిసినోళ్లకే తడుతుంది. అట్లని బయటి సాయం వద్దన్లేను. 2025 దాకా నడిచిన పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మంది ఆడవాళ్లు దాటితే పిల్లల గది పెట్టాల్సి ఉండేది. అది నడపడం మాకు రాదు. పిల్లల్ని చూసుకునే ఆయమ్మలకు ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు బయటినుంచే రావాలె.

న్యూజెర్సీ నుంచి

ఇక్కడి సంగతి చెబుతాను. 2022 చివర్లో వచ్చిన పంప్ చట్టం ప్రకారం కాన్పు అయిన ఏడాది దాకా, అవసరం పడినప్పుడల్లా పాలు తీసుకోవడానికి బ్రేక్ ఇవ్వాలి. చోటు బాత్రూమ్ కాకూడదని చట్టంలోనే రాశారు. 50 మంది కంటే తక్కువ ఉన్న సంస్థ మోయలేని భారమని నిరూపించుకుంటేనే మినహాయింపు. పంపు, కన్సల్టెంట్ ఖర్చు చాలావరకు హెల్త్ ఇన్సూరెన్స్ భరిస్తుంది, 2010 ఆరోగ్య చట్టం పుణ్యమా అని. అందుకే ఇక్కడ "బయటి సాయానికి ఎవరు డబ్బు పెట్టాలి" అనే తగువు కంపెనీ దాకా రాదు. కాకపోతే మీకున్న 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇక్కడ దేశం మొత్తానికి చట్టంగా లేదు. మా టీమ్‌లో ఒకమ్మాయి ఆరు వారాలకే వచ్చేసింది. కాబట్టి అమెరికాని చూసి మరీ మురిసిపోకండి.

మాదాపూర్ గారూ, మీ గ్రూప్ ఇన్సూరెన్స్ రెన్యువల్ ఎప్పుడో చూడండి. ల్యాక్టేషన్ కన్సల్టేషన్‌ను ఓపీడీ కవర్‌లో (ఆసుపత్రిలో చేరకుండా చూపించుకునే ఖర్చులకు ఇచ్చే బీమా) కలపమని అడిగి చూడొచ్చు.

లెక్కల మనిషి

న్యూజెర్సీ ఆయన అసలు పాయింటు పట్టుకున్నారు. మన దగ్గర ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలో లేని ఉద్యోగికి సెలవు జీతం మొత్తం యజమానే కట్టాలి. దాని మీద క్రెష్ (పిల్లల్ని చూసుకునే చోటు), దాని మీద గది, దాని మీద కన్సల్టెంట్. చిన్న కంపెనీ యజమాని పైకి అనడు గానీ, ఇంటర్వ్యూలో పెళ్లయిన అమ్మాయి కనబడగానే మనసులో లెక్క వేసుకుంటాడు. ఖర్చు పెంచుతూ పోతే నష్టపోయేది ఆ అమ్మాయిలే.

రెండోపాప అమ్మ

ఆ లెక్క వేసుకునేవాళ్లు ఖర్చు రూపాయి అయినా వేసుకుంటారు అన్నయ్యా. ఆరేళ్ల అనుభవం ఉన్న మనిషి పాలు తీసుకోవడానికి చోటు లేక మానేస్తే, ఆమె స్థానంలో ఇంకొకరిని వెతికి, నేర్పి, నిలబెట్టడానికి ఎంతవుతుందో ఆ పద్దు కూడా రాయండి. నేనడిగేది సోఫా, కర్టెన్ కాదు. లోపల గడియ ఉన్న తలుపు, ప్లగ్ పాయింట్, దగ్గరలో సింకు, చిన్న ఫ్రిజ్. ఆఫీసు ఫ్రిజ్‌లో పులిహోర డబ్బాల మధ్య నా పాలసీసా పెట్టుకుని, దాని మీద పేరు రాయాలా వద్దా అని ఆలోచించిన మనిషిని నేను.

పిల్లల డాక్టర్

ఫ్రిజ్ మాట వచ్చింది కాబట్టి: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం తీసిన పాలు 25 డిగ్రీలలోపు ఉన్న గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. మే నెలలో మన దగ్గర బండి డిక్కీలో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్తే ఆ 4 గంటల లెక్క చెల్లదు. ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగు కొనివ్వండి. ఇంట్లో అమ్మమ్మకో నానమ్మకో ఉగ్గుగిన్నెతో పట్టమని చెప్పండి, సీసా కంటే శుభ్రం చేయడం తేలిక.

మాదాపూర్ హెచ్‌ఆర్

అందరికీ థాంక్స్. ఇప్పుడే ఏజెన్సీ ప్రపోజల్ మళ్లీ చదివాను. చివరి పేజీలో "మొదటి అవగాహన సదస్సు ఉచితం, స్పాన్సర్ ఫలానా బేబీ ఫుడ్ బ్రాండ్" అని ఉంది. తల్లులకు గిఫ్ట్ కిట్లు కూడా ఇస్తారట. ఉచితమే కదా, పెట్టించుకోవచ్చా?

పిల్లల డాక్టర్

అస్సలు వద్దు. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992లో వచ్చింది, 2003లో ఇంకా బిగించారు. రెండేళ్లలోపు పిల్లల పాలపొడి, పాలసీసాలు, బేబీ ఫుడ్ వీటిలో దేనికీ ప్రచారం చేయకూడదు. తల్లులకు శాంపిళ్లు, గిఫ్టులు ఇవ్వకూడదు. డాక్టర్ల సంఘాల సదస్సులకు కూడా ఆ కంపెనీలు డబ్బివ్వడానికి వీల్లేదు. మీ ఆఫీసు హాల్లో ఆ కిట్లు పంచితే ఇబ్బందుల్లో పడేది మీరు. పాలు సరిపోవేమో అని ఇప్పటికే భయపడుతున్న తల్లి చేతిలో డబ్బా పెట్టి తల్లిపాల గొప్పతనం చెబుతారు, వాళ్ల వ్యాపారం నడిచేది ఆ భయం మీదే. ప్రపోజల్లో ఆ పేజీ పెట్టిన ఏజెన్సీకి చట్టం తెలియదన్నా అయి ఉండాలి, తెలిసీ దాచి ఉండాలి. రెండిట్లో ఏదైనా నేనైతే వాళ్లను మళ్లీ పిలవను.

లెక్కల మనిషి

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఈ ఏజెన్సీ వద్దు. ఏజెన్సీలే వద్దు అని మాత్రం అనను.

గచ్చిబౌలి క్రెష్ నడుపుతా

మాదాపూర్ మేడమ్, మీరు 70 మంది అన్నారు. 50 మంది, ఆపైన ఉంటే క్రెష్ సదుపాయం మీ ఇష్టం కాదు, ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో వచ్చిన సవరణ నుంచి అది తప్పనిసరి. ఆ 50లో మగవాళ్లు కూడా లెక్కే. చాలామంది ఆడవాళ్లనే లెక్కపెట్టి మాకు వర్తించదు అనుకుంటారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. ఇది కాకుండా పిల్లకు 15 నెలలు నిండేదాకా పాలిచ్చేందుకు రెండు బ్రేకులు, అవి మామూలు విరామానికి అదనం. 1961 నాటి ఆ చట్టంలోని ఈ హక్కులే సామాజిక భద్రత కోడ్, 2020లోకి వచ్చాయి.

మీరు సొంతంగా కట్టక్కర్లేదు. నాలుగైదు సంస్థలు కలిసి ఒక ఉమ్మడి క్రెష్ పెట్టుకోవచ్చని, ప్రైవేటుదో స్వచ్ఛంద సంస్థదో వాడుకోవచ్చని ఆ కోడ్‌లోనే ఉంది. మీ బిల్డింగ్‌లో మిగతా ఫ్లోర్లలో ఎవరున్నారో అడగండి. దూరం మాత్రం చూసుకోండి, కేంద్రం 2018 మార్గదర్శకాల్లో 500 మీటర్లలోపు అని చెప్పారు. సైబర్ టవర్స్ ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్ల అవతల క్రెష్ ఉంటే నాలుగుసార్లు కాదు, ఒక్కసారి కూడా వెళ్లి రాలేరు. పిల్ల దగ్గరలోనే ఉంటే పంపు, ఫ్రిజ్, ఐస్ ప్యాక్ గొడవ చాలావరకు ఉండదు. నా వ్యాపారం కాబట్టి చెబుతున్నానని అనుకున్నా పర్వాలేదు, మీ డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

మాదాపూర్ హెచ్‌ఆర్

సోమవారం ఇలా అడుగుతాను: ప్యాకేజీ వద్దు. కింద ఫ్లోర్ వాళ్లతో కలిసి దగ్గరలో ఉన్న క్రెష్‌తో ఒప్పందం. నలుగురికీ చేరే ముందు ఒక్కొక్కరికి విడిగా ఒక కన్సల్టేషన్, బిల్లు కంపెనీది. చిన్న మీటింగ్ రూమ్‌కి లోపల గడియ, రిజిస్టర్ ఉండదు. క్యాలెండర్‌లో ఆ మూడు అరగంటలూ మేనేజర్లు కాల్స్ పెట్టకుండా బ్లాక్ చేయడం. డైరెక్టర్ గారు ఈ చివరిదాని దగ్గరే ఆగుతారని నా భయం.

జీడిమెట్ల రెండో షిఫ్ట్

నలుగురే అని ఎట్ల లెక్కపెట్టినవ్ అక్కా? హౌస్‌కీపింగ్ వాళ్లను అడిగినవా? ఆ గది ఊడ్చే ఆమెకు కూడా ఇంట్లో చంటిపిల్ల ఉండొచ్చు.

మాదాపూర్ హెచ్‌ఆర్

వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు కదా తమ్ముడూ, మా పేరోల్‌లో ఉండరు. అయినా అడిగాను ఇప్పుడే. ఒకామెకు ఎనిమిది నెలల బాబు ఉన్నాడట. పొద్దున ఆరింటికి పాలిచ్చి వస్తుంది, మళ్లీ సాయంత్రమే.

గచ్చిబౌలి క్రెష్ నడుపుతా

పేరోల్ సంగతి పక్కన పెట్టండి. 1961 చట్టంలో "స్త్రీ" అంటే నేరుగా గానీ, ఏజెన్సీ ద్వారా గానీ కూలికి పనిచేసే మనిషి అని నిర్వచనం. కొత్త కోడ్ కూడా కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లను ఉద్యోగులనే అంటుంది. జీతం 21,000 లోపు అయితే ఆమెకు ఈఎస్ఐ ఉండాలి, కట్టారో లేదో ముందు అది చూడండి. క్రెష్ ఒప్పందంలో ఐదో సీటు రాయించండి. రేటు మాట్లాడదాం, మెసేజ్ పెట్టండి.