అప్‌డేట్: గోరటి వెంకన్న పాటకు అమ్మను తీసుకెళ్లాను

గోరటి వెంకన్న గారు చిన్న హాల్లో పాడుతున్నారు, మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లొచ్చా, ముందు కూర్చుంటే సౌండ్ భరించగలదా అని అడిగాను కదా. ముందు వరుసే పట్టుకోమన్న అందరికీ దండాలు.

సౌండ్ గురించి టెన్షన్ అక్కర్లేకపోయింది. ఒక మైకు, పక్కన డప్పు, అంతే. పెద్ద సభల్లో ఆయన గొంతు మాత్రమే విన్నాను. ఇక్కడ ఆయన అడుగు నేలకు తగిలే చప్పుడు కూడా వినపడింది. పల్లవి మళ్లీ ఎత్తుకునేటప్పుడు మెడ నరాలు ఉబ్బడం కనిపించేంత దగ్గర.

అమ్మ పుట్టింటివాళ్లు కుమ్మరులు. ‘పల్లె కన్నీరు పెడుతుందో’లో కుమ్మరి వాము (కుండలు కాల్చే బట్టీ) మాట రాగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. 2002లో ‘కుబుసం’ సినిమాతో ఊరూరా పాకిన పాట, ఎన్నిసార్లు విన్నామో! అయినా రాసినాయన ఎదురుగా నిలబడి పాడుతుంటే వేరు. 2021 సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ‘వల్లంకి తాళం’ నేను చదివాను, కానీ ఆ లయ నాకు అందింది ఇప్పుడే.

పెద్దవాళ్లతో వెళ్తే నడిచే దారి పక్క కుర్చీ చూసుకోండి. అమ్మకు కాళ్లు చాపుకునే వీలు దొరికింది, చివరిదాకా కూర్చుంది.